తేడా ఎక్కువున్న బోరాన్ తప్పంట, తక్కువున్న నైట్రోజన్ కరెక్టంట. ఇదేం లెక్క?

కావలి_నాన్న
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. నెల్లూరులో హాస్టల్. మొన్న వారాంతం టెస్టులో ఒక బిట్టు పోయిందని ఫోనులో గంటసేపు ఏడుపు. నాలుగు మార్కులు రాకపోగా ఉన్నదాంట్లో ఒకటి పోయింది.
బిట్టు ఇది: ద్విధ్రువ భ్రామకం సున్నా కానిది ఏది? ఆప్షన్లు కార్బన్ డయాక్సైడ్, బోరాన్ ట్రైఫ్లోరైడ్, కార్బన్ టెట్రాక్లోరైడ్, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్.
పిల్ల పద్ధతిగానే లెక్కేసింది. ఋణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లని తన వైపు లాక్కునే బలమంట, బోరాన్‌కి 2.04, ఫ్లోరిన్‌కి 3.98, తేడా 1.94. నైట్రోజన్‌కి 3.04, అంటే తేడా 0.94 మాత్రమే. తేడా ఎంత ఎక్కువుంటే అంత పోలార్ (ఒక కొస కాస్త ఋణం, ఇంకో కొస కాస్త ధనం) అని క్లాసులో చెప్పారు కదా అని బోరాన్ పెట్టింది. కీలో నైట్రోజన్ ఉంది. లెక్చరర్ని అడిగితే "సున్నా వచ్చేవి ఒక పది ఉంటాయి, లిస్టు బట్టీ పట్టు" అన్నాడంట.
నేను చదివింది బీకాం. ఆదివారం చూడటానికి వెళ్తున్నా, ఎవరన్నా మామూలు మాటల్లో చెప్పండి.

పులుసుముక్క
బీకాంలో కెమిస్ట్రీ లేదా అన్నా?

కావలి_నాన్న
@పులుసుముక్క ఈ జోకు వస్తుందని తెలిసే రాశా. కానీయ్.

ల్యాబ్‌కోటు_నెల్లూరు
మీ అమ్మాయి వేసిన లెక్కలో తప్పు లేదు. అది వేరే ప్రశ్నకి జవాబు, అంతే. 1.94 అనేది ఒక్క బోరాన్-ఫ్లోరిన్ బంధం సంగతి. బిట్టులో అడిగింది మొత్తం అణువు సంగతి, ద్విధ్రువ భ్రామకం సున్నా కాకపోతేనే అణువు పోలార్. బంధం పోలార్ అవునా కాదా అనేది ఇద్దరి మధ్య వ్యవహారం. అణువు పోలార్ అవునా కాదా అనేది ఇంట్లో ఎవరెవరు ఏ దిక్కున కూర్చున్నారో చూస్తేగానీ తేలదు.

గిత్తలజత_ఒంగోలు
దీన్ని మా భాషలో చెప్తా. మా ఊళ్ళో తిరునాళ్ళకి బండలాగుడు పందెం పెడతారు. ఒక్క జత గిత్తల్ని కడితే బండ కదులుతుంది. అదే బండకి ఎదురెదురుగా రెండు జతలు కట్టారనుకో, రెండూ సమానమైన గిత్తలే, ఇటొకటి అటొకటి ప్రాణం పెట్టి లాగుతున్నాయి. తాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, బండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ అదే. మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్లు, ఒకే గీత మీద. తాళ్ళలో బలం లేదని కాదు, బలం బోలెడుంది. రెండూ కొట్టుకుపోయినయ్, అంతే.
బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో మూడు జతలు. 120 డిగ్రీలకొకటి చొప్పున, నేల మీద ముగ్గురు ముగ్గు గీసినట్టు. మూడూ సమానం, కాబట్టి బండ కదలదు. ఎంత బలమైన గిత్తలైనా సరే. నీ 1.94 అక్కడ పోయిందన్నా.
కార్బన్ టెట్రాక్లోరైడ్‌కి నాలుగు, చతుర్ముఖీయ ఆకారం, 109.5 డిగ్రీలు. నేల మీద గీయలేం కానీ లెక్క అదే.

కావలి_నాన్న
అబ్బ, ఇది అర్థమైంది. మరి నైట్రోజన్‌కీ మూడు జతలే కదా? అక్కడ ఎందుకు కొట్టుకుపోలేదు?

బైపీసీ_బాధితురాలు
అంకుల్, నైట్రోజన్ దగ్గర ఒంటరి జంట, అంటే ఏ బంధంలోనూ లేని రెండు ఎలక్ట్రాన్లు, ఉంటుంది. బోరాన్ దగ్గర ఉండదు. ఆ ఒంటరి జంట పైన కూర్చుని మూడు ఫ్లోరిన్లనీ కిందికి నెడుతుంది. బల్లపరుపుగా ఉండాల్సింది మూడు కాళ్ళ స్టూలులా అవుతుంది. మూడూ కిందికే లాగితే ఇంక ఎవరు ఎవర్ని కొట్టేస్తారు?
నాదీ అదే బిట్టు. నేను కార్బన్ టెట్రాక్లోరైడ్ పెట్టా. ఎవరికీ చెప్పకండి.

పులుసుముక్క
ఫోరంలో రాసి ఎవరికీ చెప్పొద్దంట.

రిటైర్డ్_మాస్టారు
గిత్తల పోలిక బాగుంది గానీ రెండు చోట్ల జాగ్రత్త. పిల్లలు పోలికనే పరీక్షలో రాసేస్తారు.
ఒకటి, అణువులో బండ ఎటూ పోదు. లాగేది ఎలక్ట్రాన్ మబ్బుని. ఒక వైపు మబ్బు కాస్త చిక్కబడి కొంచెం ఋణావేశం, రెండో వైపు పలచబడి కొంచెం ధనావేశం. ఆ ఆవేశాన్నీ వాటి మధ్య దూరాన్నీ హెచ్చవేస్తే వచ్చేదే ద్విధ్రువ భ్రామకం. కొలత పేరు డీబై. పీటర్ డీబై పేరు మీద వచ్చింది, ఆయనకి 1936లో రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మీ అమ్మాయి వాడిన 2.04, 3.98 అంకెలు లైనస్ పౌలింగ్ 1932లో మొదలుపెట్టిన స్కేలువి.
రెండోది ముఖ్యం. గిత్తలు ఎప్పుడూ చివర్లలోనే ఉంటాయనుకోవద్దు. నీటిలో లాగేది మధ్యలో ఉన్న ఆక్సిజనే. చివర్లలో ఉన్న హైడ్రోజన్లు ఇచ్చుకునేవాళ్ళు. అణువు 104.5 డిగ్రీల దగ్గర వంగి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ వైపంతా ఋణం, హైడ్రోజన్ల వైపంతా ధనం. 1.85 డీబై. అదే నీటి అణువు కార్బన్ డయాక్సైడ్‌లా నిటారుగా ఉండి ఉంటే సున్నా. అప్పుడు పెన్నా లేదు, మనం లేము, ఈ టెస్టూ లేదు.

గిత్తలజత_ఒంగోలు
@రిటైర్డ్_మాస్టారు మాస్టారూ, ఒప్పుకున్నా. అయితే నీటిలో ఒకే బలమైన గిత్త, రెండు దూడలు అనుకుందాం.

బైపీసీ_బాధితురాలు
మాస్టారూ ఒక డౌటు. అమ్మోనియాదీ స్టూలు ఆకారమే, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌దీ స్టూలు ఆకారమే. ఫ్లోరిన్ బలమైనది కాబట్టి దానికే ఎక్కువ రావాలి కదా? పుస్తకంలో అమ్మోనియాకి 1.47, దీనికి 0.24 అని ఉంది. అచ్చుతప్పా?

రిటైర్డ్_మాస్టారు
అచ్చుతప్పు కాదమ్మా, మంచి ప్రశ్న. కాగితం మీద బొమ్మ గీయి. ఒంటరి జంట పైన, మూడు బంధాలు కింద. అమ్మోనియాలో హైడ్రోజన్ల దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లని నైట్రోజన్ పైకి లాక్కుంటుంది. ఒంటరి జంటదీ పై దిక్కే. రెండూ కలిసి పెరుగుతాయి. ఇక్కడ ఫ్లోరిన్లు కిందికి లాక్కుంటాయి, ఒంటరి జంట పైకి. ఒకదాన్నొకటి చాలావరకు తినేస్తాయి, మిగిలేది 0.24. సున్నా కాదు గానీ సున్నాకి చుట్టం.

కావలి_నాన్న
అంటే ఆ బిట్టులో కరెక్టు జవాబు కూడా కొసరంత పోలారే అన్నమాట! నాలుగు మార్కులు దానికి.

రొయ్యలగుంట_విడవలూరు
ఈ గోలంతా చదువుతుంటే ఒకటి తట్టింది. మా రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పుతాం, కరెంటు బిల్లు చూస్తే ఏడుపొస్తది. ఆక్సిజన్ నీళ్ళలో సరిగ్గా కరగదని టెక్నీషియన్ ఎప్పుడూ అంటుంటాడు. దీనికీ ఈ పోలార్ గొడవకీ ఏమన్నా సంబంధం ఉందా?

ల్యాబ్‌కోటు_నెల్లూరు
@రొయ్యలగుంట_విడవలూరు ఉంది అన్నా. ఆక్సిజన్ అణువులో రెండూ ఒకే రకం పరమాణువులు, తేడా సున్నా, పోలార్ కాదు. నీళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, మధ్యలోకి దాన్ని రానివ్వవు. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్ళలో కరిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ. అదే అమ్మోనియా పోలార్, పైగా నీటితో హైడ్రోజన్ బంధాలు కడుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో అర కిలో దాకా పడుతుంది. మీకు కావాల్సింది కరగదు, వద్దన్నది కరుగుతుంది.

రొయ్యలగుంట_విడవలూరు
మా బతుకు మొత్తం రెండు ముక్కల్లో చెప్పావు తమ్ముడూ.
అమ్మోనియా సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. టెస్టు కిట్టులో అమ్మోనియా అంతే చూపిస్తుంది, పొద్దున ఏమీ కాదు, సాయంత్రం పీహెచ్ పెరిగితే మాత్రం రొయ్య మేత తినడం మానేస్తది. ఎందుకట్టా?

ల్యాబ్‌కోటు_నెల్లూరు
కిట్టు మామూలుగా చూపించేది మొత్తం కలిపి. నీళ్ళలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం అయాన్, దానికి పూర్తి ధనావేశం. ఇంకోటి ఆవేశం లేని అమ్మోనియా. మొప్పల పొర కొవ్వుతో కట్టింది. అయాన్‌ని అది అంత తేలిగ్గా దాటనివ్వదు. ఆవేశం లేనిది పోలారే అయినా చిన్నది, దూరిపోతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ, నీరు వేడెక్కేకొద్దీ రెండో రూపం వాటా పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండకి నాచు పనిచేసి పీహెచ్ పెంచుతుంది కాబట్టి మీకు సాయంత్రం దెబ్బ. మొత్తం అంకె అదే, విషం మాత్రం వేరు.

రొయ్యలగుంట_విడవలూరు
ఇది ఎవడన్నా ముందే చెప్పుంటే పోయిన పంటలో నేను పొద్దుటి రీడింగు చూసి ధైర్యంగా పడుకునేవాణ్ణి కాదు. కిలోకి నలభై రొయ్యల కౌంటు వస్తుందనుకున్న గుంట, ఇంకా చిన్నవిగా డెబ్భై కౌంటులో ఉండగానే పట్టేయాల్సి వచ్చింది.

ఇంజినీరు_బాబు
ఇంత కథ ఎందుకు, సింపుల్ రూల్ ఉంది. తేడా 0.4 లోపు అయితే పోలార్ కాదు. 0.4 నుంచి 1.7 దాకా పోలార్. 1.7 దాటితే అయానిక్, అంటే ఎలక్ట్రాన్ పూర్తిగా చేతులు మారినట్టు. మేం ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాం.

ల్యాబ్‌కోటు_నెల్లూరు
@ఇంజినీరు_బాబు అదే రూలు ప్రకారం బోరాన్ ట్రైఫ్లోరైడ్ 1.94 కాబట్టి అయానిక్ అవ్వాలి, ఉప్పులా గడ్డకట్టి ఉండాలి. అది వాయువు. సున్నాకి వంద డిగ్రీలు కింద మరుగుతుంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ తేడా 1.78, అదీ అయానిక్ కాదు, 19.5 డిగ్రీలకే మరుగుతుంది. సోడియం అయొడైడ్ తేడా 1.73, అది మాత్రం పక్కా అయానిక్. నీ రూలు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, తెలిసినవాళ్ళని ఆపుతుంది, తెలియనివాళ్ళని వదిలేస్తుంది.

ఇంజినీరు_బాబు
మార్కులు వచ్చాయన్నా గానీ, నిజమని అన్లేదే.

పులుసుముక్క
పులుసు గురించి ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది. నెల్లూరు చేపల పులుసు దాకలో పైన ఎర్రగా తేలే నూనె ఉందే, అది కూడా ఇదే సబ్జెక్టు కదా?

వదినమ్మ_కందుకూరు
@పులుసుముక్క నువ్వు ఎప్పుడొస్తావా అని చూస్తున్నా. ఔను, అదే. కారంలోని ఎరుపు నూనెలో దిగుతుంది, నీళ్ళలో దిగదు. అందుకే తాలింపు నూనెలో కారం ఒక్క తిప్పు తిప్పి చింతపండు పులుసు పోస్తే రంగు వస్తుంది, పులుసులో నేరుగా కారం చల్లితే ఆ కళ రాదు. చింతపండు పులుపు, ఉప్పు మాత్రం నీళ్ళ పక్షం. మామిడికాయ ముక్క రెండు పక్షాలకీ చుట్టం.
మా అత్తగారు ఇవేమీ చదవలేదు. "నూనె తేలితేనే పులుసు దిగినట్టు" అనేది. దాక పక్కకి వంచి గరిట వెనక వైపుతో నూనెని నెట్టి చూసేది, చిన్న చిన్న చుక్కలు మళ్ళీ ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైతే అప్పుడు పొయ్యి కట్టేసేది.

బైపీసీ_బాధితురాలు
నూనె పైకి తేలడం తేలికగా ఉండబట్టి కదా, పోలార్ వల్ల కాదు కదా?

వదినమ్మ_కందుకూరు
కలవకపోవడం ఒక సంగతి, పైకి రావడం ఇంకో సంగతి. కలిసిపోయే సరుకైతే తేలికైనా పైకి రాదు. సారాయి నీళ్ళకన్నా తేలిక, గ్లాసులో పైన విడిగా తేలుతుందా? ఉదాహరణ బాగాలేదు గానీ మా ఇంట్లో ఎవరూ తాగరు, చెప్తున్నా.

పులుసుముక్క
ఎవరూ అడగలేదు వదినా.

నిమ్మతోట_పొదలకూరు
కారం తిని మంట పుడితే నీళ్ళు తాగితే ఎందుకు తగ్గదో ఇప్పుడర్థమైంది. మజ్జిగ తాగాలి అనేది మా తాత.
మా తోటలో వేపనూనె కొడతాం. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు. మొదట్లో కొత్త కుర్రాడొకడు నీళ్ళలో నేరుగా నూనె పోసి ట్యాంకు భుజాన వేసుకున్నాడు. సగం తోట వరకు ఉత్త నీళ్ళు, ఆఖరి నాలుగు చెట్లకి ఉత్త నూనె. ఆ నాలుగు చెట్ల ఆకులు మాడిపోయినయ్. అప్పట్నుంచి సబ్బు కలపకుండా నూనె డబ్బా మూత తీయనివ్వను.

రిటైర్డ్_మాస్టారు
సబ్బు అణువుకి ఒక కొస ఆవేశం ఉన్న తల, నీటి పక్షం. ఇంకో కొస పొడుగాటి కార్బన్-హైడ్రోజన్ తోక. ఆ బంధాల్లో తేడా 0.35 మాత్రమే, అందుకని నూనె పక్షం. తోకలు నూనె చుక్కలో గుచ్చుకుంటాయి, తలలు నీళ్ళలోకి తిరిగి నిలబడతాయి. చుక్క చుక్కకీ కాపలా. పనసకాయ కోసినప్పుడు చేతికి ముందే నూనె రాసుకోవడం కూడా ఇదే కుటుంబం.

ఇంజినీరు_బాబు
ఇంకో సింపుల్ రూల్ చెప్తా, కొట్టకండి. పోలార్ అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి వాటి మరుగు స్థానం ఎక్కువ. ఇది ఒప్పేనా?

ల్యాబ్‌కోటు_నెల్లూరు
సగం ఒప్పు. సైజు దగ్గరగా ఉన్నప్పుడు పనిచేస్తుంది. డైక్లోరోఇథిలీన్‌లో రెండు క్లోరిన్లూ ఒకే వైపుంటే సిస్, 1.9 డీబై, 60 డిగ్రీలకి మరుగుతుంది. ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్, సున్నా డీబై, 48కే మరుగుతుంది. పరమాణువులు అవే, బరువు అదే, కూర్చున్న చోటు తేడా.
కానీ క్లోరోఫామ్ పోలార్, 61కి మరుగుతుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్ సున్నా డీబై, అది 77కి. పెద్ద అణువు, ఎలక్ట్రాన్లు ఎక్కువ, క్షణక్షణం అటూ ఇటూ ఊగే తాత్కాలిక ఆకర్షణలే అక్కడ గెలుస్తాయి.

ఇంజినీరు_బాబు
నేను సింపుల్ రూల్స్ మానేస్తున్నా.

గిత్తలజత_ఒంగోలు
అన్నా, ఆదివారం అమ్మాయికి ఒక చిన్న ప్రయోగం చూపించు. ప్లాస్టిక్ దువ్వెన పొడి జుట్టుకి పదిసార్లు రుద్ది, కొళాయి నుంచి సన్నటి ధార వదిలి దగ్గరికి పెట్టు. ధార వంగుతుంది. నీళ్ళు పోలార్ అని కంటికి కనపడుతుంది.

రిటైర్డ్_మాస్టారు
ధార వంగే మాట నిజం. కారణం చాలా పుస్తకాల్లో తప్పుగానే రాశారు, నేనూ ముప్పై ఏళ్ళు అట్లాగే చెప్పాను. ద్విధ్రువానికి ఒక కొస లాగబడితే రెండో కొస నెట్టబడుతుంది, కాబట్టి అణువు తిరుగుతుందే గానీ మొత్తంగా పక్కకి పెద్దగా జరగదు. దువ్వెన దగ్గరుంటే ధారలో వ్యతిరేక ఆవేశం పోగవుతుంది, నీటిలోని అయాన్ల వల్ల, కొళాయి నేలకి తగిలి ఉండటం వల్ల. ఎక్కువ వంపు దానిది. చూపించు, కానీ "పోలార్‌కి రుజువు" అని మాత్రం చెప్పకు.

వదినమ్మ_కందుకూరు
మన తీరంలో ఉక్క రోజుల్లో అసలు వంగనే వంగదు. తేమకి దువ్వెన మీద ఆవేశం నిలవదు. తలకి నూనె రాసుకున్న పిల్ల అయితే ఇంకా కష్టం. గాలి పొడిగా ఉన్న రోజు చూసి చేయండి.

కావలి_నాన్న
ఆదివారం వెళ్ళొచ్చా. గిత్తలు, స్టూలు, అన్నీ చెప్పా. కాగితం మీద బొమ్మ గీసి బాణాలు వేసింది, బోరాన్‌కి మూడు బాణాలు కలిపి సున్నా అని తనే చూపించింది. నేను మురిసిపోయి అరటిపండ్లు కొంటుంటే వెనకాల్నుంచి ఇంకోటి అడిగింది. "నాన్నా, ఓజోన్‌లో మూడూ ఆక్సిజన్లే. తేడా సున్నా. బంధమే పోలార్ కానప్పుడు అణువు పోలార్ ఎట్టా అయింది? పుస్తకంలో 0.53 అని ఉంది." పండ్లబ్బాయి కూడా నా మొహం చూశాడు.

గిత్తలజత_ఒంగోలు
ఇది నా బండకి ఎక్కే సరుకు కాదు. మాస్టారూ!

రిటైర్డ్_మాస్టారు
కావలి నాన్నగారూ, మీ అమ్మాయిని ఆ లిస్టు బట్టీ పట్టనివ్వకండి.
పరమాణువులు ఒకటే అయినంత మాత్రాన వాటి పరిస్థితి ఒకటే కావాలని లేదు. ఓజోన్ వంగి ఉంటుంది, సుమారు 117 డిగ్రీలు. మధ్య ఆక్సిజన్ రెండు పక్కలా బంధాలు కట్టుకుని ఎలక్ట్రాన్ల లెక్కలో కాస్త నష్టపోతుంది, దానికి కొంచెం ధనం. చివరి రెండూ కొంచెం ఋణం. అణువు నిటారుగా ఉంటే ఇది కూడా కొట్టుకుపోయేది, వంగి ఉంది కాబట్టి మిగిలింది. పౌలింగ్ అంకెల తేడా మొదటి అంచనా మాత్రమే. పొరుగున ఎవరున్నారు, ఎన్ని ఎలక్ట్రాన్లు పంచుకున్నారు అనేదీ చూడాలి. కార్బన్ మోనాక్సైడ్‌లో అయితే అంచనా తిరగబడుతుంది కూడా. ఆక్సిజన్ అంత బలమైనదైనా కొంచెం ఋణం ఉండేది కార్బన్ వైపు. 0.11 డీబై, చిన్నదే, దిక్కు మాత్రం అటు.

బైపీసీ_బాధితురాలు
మాస్టారూ ఈ చివరి ముక్క టెస్టులో రాదు కదా? టెన్షన్ వస్తోంది.

రిటైర్డ్_మాస్టారు
వస్తే రాయి. నువ్వు నాలుగు, వాళ్ళు సున్నా.

పులుసుముక్క
కావలి అన్నా, అమ్మాయి వచ్చే ఆదివారం ఏం అడుగుతుందో ముందే ఇక్కడ పెట్టు. మాస్టారికి బీపీ ఉందేమో కనుక్కో.

రొయ్యలగుంట_విడవలూరు
రెండున్నరయింది. గుంట మీద డీవో, అదే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, చూడాలి, కరెంటు కూడా అటూ ఇటూగా ఉంది. ఆ నాన్-పోలార్ ముండ ఎంత కరిగిందో చూసొచ్చి మిగతాది చదువుతా.